కాశి, కాశీ, వారణాసి, బనారస్: ఎక్కడ ఏ పేరు వాడాలి?

యాత్రాపుస్తకం (ప్రశ్న)

కాశీయాత్రకు వెళ్ళే ముప్పై ఆరుమందికి ఇవ్వడానికి ఇరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం సిద్ధమవుతోంది. ఊరి పేరు దగ్గరే పని ఆగిపోయింది. ఒక పేజీలో కాశి, పక్క పేజీలో కాశీ, ఇంకోచోట వారణాసి, టికెట్ల పేజీలో బనారస్. అన్నీ ఒకేలా ఉండాలని కంప్యూటర్లో ‘కాశీ’ ఉన్నచోటల్లా ‘వారణాసి’ అని మార్పించాం. దాంతో ‘వారణాసి మజిలీ కథ’, ‘వారణాసి అన్నపూర్ణ’ అని పడ్డాయి. ఒకచోట ‘ఉత్తరవారణాసి’ అని కూడా వచ్చింది. మళ్ళీ వెనక్కి మార్చాల్సి వచ్చింది.

తెలిసినవాళ్ళు చెప్పండి. కాశి సరా, కాశీ సరా? వారణాసి అంటే కాశీయేనా, లేక అందులో భాగమా? రైలు టికెట్లలో నాలుగైదు పేర్లు కనబడుతున్నాయి, ఎక్కడ దిగాలి? సంకల్పంలో ఊరి పేరు ఎలా చెప్పాలి? పుస్తకం చివర రెండు పేజీల్లో ‘కాశీ’తో మొదలయ్యే మాటలు, సామెతలు వేద్దామనుకుంటున్నాం. వాటికి అర్థాలూ కావాలి.

---

హ్రస్వదీర్ఘం

ముందు దీర్ఘం సంగతి. సంస్కృతంలో ఊరి పేరు కాశీ. ఈకారంతో ముగిసే సంస్కృత స్త్రీలింగ పదాలు తెలుగులో విడిగా నిలబడితే పొట్టివవుతాయి: నదీ నది అయింది, గౌరీ గౌరి అయింది, అలాగే కాశీ కాశి అయింది. సమాసంలో మాత్రం దీర్ఘం నిలుస్తుంది: కాశీఖండం, కాశీనాథుడు, కాశీయాత్ర. కాబట్టి వ్యాకరణం ప్రకారం ‘కాశికి వెళ్ళాం, కాశీయాత్ర చేశాం’ అని ఒకే వాక్యంలో రెండు రూపాలూ రావచ్చు. అది తప్పు కాదు. నోటిమాటలో జనం ‘కాశీకి’ అనే అంటారు, పుస్తకంలోనూ అలాగే రాసుకోవచ్చు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే ఉంచండి. సమాసాల్లో దీర్ఘం మాత్రం తీయొద్దు. ‘కాశిఖండం’ అని అచ్చు వేస్తే పద్యం తెలిసినవాళ్ళ కంట్లో నలుసు పడ్డట్టే.

ఇక్కడో ముచ్చట. భగవద్గీత మొదటి అధ్యాయం ఐదో శ్లోకంలో ‘కాశిరాజశ్చ వీర్యవాన్’ అని హ్రస్వమే ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు. ‘కాశి’ అని హ్రస్వంతో ఉన్నది జనం పేరు, దేశం పేరు. బుద్ధుడి కాలంనాటి పదహారు మహాజనపదాల్లో కాశి ఒకటి, దాని రాజధాని వారాణసి. తర్వాతి కాలంలో దేశం పేరూ నగరం పేరూ కలిసిపోయాయి. అందుకే అంబ, అంబిక, అంబాలిక ‘కాశిరాజు కూతుళ్ళు’. అక్కడ ఉన్నది దేశం పేరు.

కాశికి ‘ప్రకాశించేది’ అనే అర్థం కాశ్ ధాతువు నుంచి చెబుతారు. కాశము అంటే రెల్లు గడ్డి కూడా. ఆ గడ్డి పెరిగే ఒడ్డు గనుక ఆ పేరు వచ్చిందని మరో మాట. రెండోదానికి భక్తి తక్కువే గానీ, గంగ ఒడ్డున రెల్లు పూసినప్పుడు చూస్తే కొట్టిపారేయబుద్ధి కాదు.

వారణాసి దగ్గర తిరకాసు ఎక్కువ. సంస్కృతంలో వారాణసీ. రా దీర్ఘం, ణ హ్రస్వం. విశ్వనాథాష్టకం చదివేవాళ్ళ నోట ‘వారాణసీపురపతిం’ అనే వస్తుంది. తెలుగులో దీర్ఘం ఒక అక్షరం ముందుకు జరిగి వారణాసి అయింది. వరణా (వరుణ అనీ అంటారు), అసి అనే రెండు నదుల మధ్య ఊరు కాబట్టి వారాణసి అని పురాణాల నిర్వచనం. ఆ రెండూ కలిపితే ‘వరణాసి’ అవుతుంది గనుక తెలుగు చెవికి ణా దీర్ఘమే సబబనిపించి ఉంటుంది. ఇంటిపేరుగానూ మనవాళ్ళు ‘వారణాసి’ అనే రాసుకుంటారు. కాబట్టి తెలుగు వాక్యంలో వారణాసి, శ్లోకంలో, సంకల్పంలో వారాణసీ. శ్లోకాన్ని తెలుగు చేసి దిద్దొద్దు, ఛందస్సు చెడుతుంది.

బనారస్ కొత్త పేరేమీ కాదు. పాళీలో బారాణసీ. అందులోని ర, ణ చోట్లు మార్చుకుంటే బనారసి. లక్నోను అక్కడి పాతవాళ్ళు నక్లౌ అన్నట్టే. 1956 మే 24 నుంచి ప్రభుత్వ లెక్కల్లో వారణాసి. విశ్వవిద్యాలయం మాత్రం ఇంగ్లీషులో బనారస్ హిందూ యూనివర్సిటీ, హిందీలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం, చిరునామాలో వారణాసి. మూడు పేర్లూ ఒకే లెటర్‌హెడ్ మీద! రామనగర్ కోట రాజుగారిని మాత్రం కాశీ నరేశ్ అంటారు, వారణాసి నరేశ్ అనరు.

---

వెయిటింగ్‌లిస్ట్

రైలు పేజీ నేను చెబుతాను. ఇక్కడ పేరు తప్పితే డబ్బు పోతుంది.

‘వారణాసి జంక్షన్’, కోడ్ బీఎస్‌బీ. ఇదే పెద్ద స్టేషను. ఊళ్ళో ఆటోవాళ్ళకు ‘క్యాంట్’ అంటేనే తెలుస్తుంది. ‘బనారస్’, కోడ్ బీఎస్‌బీఎస్. ఇది వేరే స్టేషను, పాత పేరు మండువాడీహ్, 2021 జులైలో పేరు మారింది. ‘వారణాసి సిటీ’, కోడ్ బీసీవై. పేరులో సిటీ ఉంది గదా అని గుడికి దగ్గరనుకోకండి. ‘కాశీ’ అని అచ్చంగా ఆ పేరుతోనే ఇంకొకటి ఉంది, కోడ్ కేఈఐ. అది రాజ్‌ఘాట్ దగ్గర, మాలవీయ వంతెన దిగగానే వస్తుంది. చిన్న స్టేషను, దూరప్రాంతపు రైళ్ళలో చాలావాటికి అక్కడ ఆగడం లేదు. టికెట్ సైట్‌లో ‘కాశీ’ అని కొట్టి వెతికి, ‘మన ఊరినుంచి కాశీకి రైళ్ళే లేవు’ అనుకునేవాళ్ళు ఇందువల్లే. వారణాసి అని కొట్టండి, బీఎస్‌బీ ఎంచుకోండి.

తూర్పు వైపు నుంచి వస్తుంటే తెల్లారగట్ల వంతెన మీద రైలు నెమ్మదిస్తుంది, కిటికీలోంచి గంగ కనబడుతుంది, వెంటనే పసుపు బోర్డు మీద ‘కాశీ’ అని చదివి పెద్దవాళ్ళు సామాన్లు దించడం మొదలుపెడతారు. దిగొద్దని పుస్తకంలో పెద్దక్షరాల్లో వేయండి. వారణాసి జంక్షన్ ఆ తర్వాత వస్తుంది.

మన వైపు నుంచి బీహారు పోయే రైళ్ళలో కొన్ని వారణాసి ఊళ్ళోకి రావు. పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ మీదుగా పోతాయి, కోడ్ డీడీయూ. 2018 దాకా అది మొగల్‌సరాయి. పాతవాళ్ళకు ఇప్పటికీ ఆ పేరే. అక్కడ దిగితే గంగ అవతలి ఒడ్డున దిగినట్టు. ఊళ్ళోకి పదహారు కిలోమీటర్ల పైచిలుకు, వంతెన మీద రద్దీ ఉంటుంది కాబట్టి గంట చేతిలో పెట్టుకోండి.

తిరుగు టికెట్ దగ్గర ఇంకో చిక్కు. వెళ్ళేటప్పుడు బీఎస్‌బీలో దిగారు కదా అని వచ్చేటప్పుడూ అక్కడికే పోతారు. టికెట్ మీద బీఎస్‌బీఎస్ ఉంటే రైలు అక్కడికి రాదు. రెండు స్టేషన్ల మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే, కానీ సాయంత్రం పూట ముప్పావు గంట పట్టొచ్చు. కోడ్‌లోని చివరి ‘ఎస్’ చూసుకోమని రాయండి. ముప్పై ఆరుమంది అంటున్నారు, ఒకే కోడ్ మీద అందరికీ తీసుకోండి.

‘కాశీ విశ్వనాథ్ ఎక్స్‌ప్రెస్’ అని పేరు చూసి మోసపోకండి. అది న్యూఢిల్లీకి, బనారస్‌కు మధ్య తిరిగే బండి. మన వైపు రాదు.

---

హ్రస్వదీర్ఘం

బనారస్ స్టేషన్ బోర్డు మీద సంస్కృతంలోనూ పేరు రాశారు: ‘బనారసః’. వారాణసీ అనే స్త్రీలింగ శబ్దం బారాణసీ అయి, బనారస్ అయి, చివరికి విసర్గ తగిలించుకుని పుంలింగంగా సంస్కృతంలోకి తిరిగొచ్చింది. పాణిని చూస్తే ఏమనేవాడో!

---

త్రికంటకం

సంకల్పం గురించి. ఇంటి దగ్గర అలవాటైన ‘శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యప్రదేశే’ అక్కడ చెప్పకూడదు. సంకల్పం అంటే మనం కూర్చున్న చోటు చెప్పుకోవడం. నోటి అలవాటుమీద చాలామంది దశాశ్వమేధ ఘాట్‌లో కూర్చుని కృష్ణా గోదావరుల మధ్య ఉన్నామంటారు. కాశీలో చెప్పేది ఇది:

‘అవిముక్త వారాణసీ క్షేత్రే, అసీవరుణయోర్మధ్యే, ఆనందవనే, మహాశ్మశానే, గౌరీముఖే, త్రికంటకవిరాజితే, భాగీరథ్యాః పశ్చిమే తీరే.’

ఊరి పేర్లన్నీ ఇందులోనే ఉన్నాయి చూడండి. శివుడు ఎప్పుడూ వదలనిది కాబట్టి అవిముక్తం. ఆయనకు ఆనందం కలిగించిన అడవి ఆనందవనం, దాన్నే ఆనందకాననం అనీ అంటారు. మహాశ్మశానం అన్న మాటకు యాత్రికులు ఉలిక్కిపడతారు, మంగళకార్యంలో శ్మశానం ఏమిటని. లోకమంతా లయమైనా నిలిచి ఉండేది, చనిపోయినవారికి శివుడే చెవిలో తారకమంత్రం చెప్పేది అక్కడే అని ఆ పేరు. త్రికంటకం అంటే త్రిశూలం, దాని మీద నిలిచిన ఊరని.

‘పశ్చిమే తీరే’ అన్నది జాగ్రత్త. గంగ అక్కడ ఉత్తరానికి పారుతుంది, ఊరంతా పడమటి ఒడ్డునే. స్నానానికి జనం తక్కువని పడవెక్కి అవతలి ఇసుక మీదికి వెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ సంకల్పం చెబితే ఆ మాట అబద్ధమవుతుంది. అవతలి ఒడ్డు క్షేత్రంలోకి రాదు. వ్యాసుడు కాశీ మీద కోపించి వెలివేయబడి చేరిన ఒడ్డు అదే. దాన్నే వ్యాసకాశి అంటారు, అక్కడ పోతే గాడిద జన్మ అని లోకం మాట. పడవ షికారుకు వెళ్ళి రండి, కర్మలు మాత్రం ఇటు ఒడ్డునే.

తీర్థం గురించి ఇంకొకటి రాసుకోండి. ‘కాశీ గంగ’ అని ఇంటికి తెచ్చుకునే నీళ్ళు కాశీలో పట్టకూడదని ఆచారం. ఆ నీటిలోని, మట్టిలోని ప్రాణికి దక్కే మోక్షాన్ని మనం తప్పించినట్టవుతుందట. ప్రయాగలో పట్టుకుంటారు. మాటు పెట్టిన చిన్న రాగిచెంబులు కాశీ అంగళ్ళలో కుప్పలుగా అమ్ముతారు గనుక ఈ తికమక. రామేశ్వరంలో అభిషేకానికి తీసుకువెళ్ళేవాళ్ళు మాటు విప్పకుండా ఉంచాలి. క్రమం కూడా చాలామంది తిరగేస్తారు: ముందు రామేశ్వరంలో సేతువు ఇసుక తీసి, దాన్ని ప్రయాగ త్రివేణిలో కలిపి, అక్కడి గంగను మళ్ళీ రామేశ్వరం చేర్చాలి. అప్పుడే కాశీ–రామేశ్వరం యాత్ర పూర్తయినట్టు. తిరిగొచ్చాక ఇంట్లో చేసేది కాశీ సమారాధన.

---

యాత్రాపుస్తకం

చాలా మంచి సమాచారం. త్రికంటకం గారూ, సంకల్పంలో ‘అవిముక్త వారాణసీ క్షేత్రే’ అని రెండు పేర్లు వెంటవెంటనే వచ్చాయి. అవి ఒకే చోటికి రెండు పేర్లా, వేరువేరా? పటం గీయించాలనుకుంటున్నాం.

---

త్రికంటకం

వేరువేరు. ఉల్లిపాయ పొరల్లా ఒకదానిలో ఒకటి. అన్నింటికంటే పెద్దది కాశి, పంచక్రోశి దారి లోపలిదంతా. దాని లోపల వరుణ, అసి నదుల మధ్యది వారాణసి. దాని లోపల అవిముక్తం. విశ్వనాథుడి చుట్టూ ఉన్న నడిబొడ్డు అంతర్గృహం. మాటల్లో అన్నీ కలిపేస్తాం, యాత్రావిధిలో మాత్రం ఒక్కోదానికి ఒక్కో ప్రదక్షిణ.

పటంలో గుర్తుపెట్టండి: ఉత్తరాన వరుణ గంగలో కలిసేచోటు ఆదికేశవ ఘాట్, దక్షిణాన పూర్వం అసి కలిసినచోటు అస్సీ ఘాట్. అసి ఇప్పుడు మురుగుకాలువ అంతే, చూసి నిరాశపడతారు, ముందే చెప్పండి.

పంచక్రోశి అంటే ఐదు క్రోసులు గదా, పూటలో అయిపోతుందనుకుని బయల్దేరేవాళ్ళున్నారు. ఐదు క్రోసులు అన్నది వ్యాసార్ధం లెక్క. చుట్టు తిరిగే దారి దాదాపు 80 కిలోమీటర్లు. మణికర్ణిక ఘాట్‌లో సంకల్పించి కర్దమేశ్వరం, భీమచండి, రామేశ్వరం, శివపురం, కపిలధార మజిలీలుగా నడిచి మళ్ళీ మణికర్ణిక చేరడం. నడకకు ఐదు రోజులు. ఇందులో రామేశ్వరం అన్నది వరుణ ఒడ్డు ఊరు, మన సేతువు రామేశ్వరం కాదు. అచ్చులో ‘పంచక్రోశి రామేశ్వరం’ అని వేస్తే గొడవ ఉండదు.

---

నానుడి

మాటల పేజీకి నా వంతు.

‘కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే.’ నడిచిపోయే రోజుల మాట. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామి పరివారంతో 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. పదిహేను నెలల పైమాట, అదీ పల్లకీలు, డేరాలు, నౌకర్లు ఉన్న మనిషికి. ఆ సామెత ఎందుకు పుట్టిందో ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఇప్పుడు దీన్ని ఎక్కువగా హాస్యానికే వాడుతున్నారు: పని మీద పంపితే తిరిగిరాని మనిషి గురించి.

‘కాశీ మజిలీ కథ.’ మజిలీ అంటే దారిలో దిగే చోటు. పగలు నడక, రాత్రి మజిలీ, మజిలీకో కథ. మధిర సుబ్బన్న దీక్షితుల పుస్తకాలతో ఆ పేరు ఇంటింటికీ చేరింది. వాడుకలో మాత్రం తెగని సోది: ‘కాశీ మజిలీ కథలు చెప్పకు, డబ్బు ఎప్పుడిస్తావో చెప్పు.’

‘కాశీకి పోయి గాడిదగుడ్డు తెచ్చినట్టు.’ అంత దూరం పోయి పనికిరానిది తేవడం. లేనిదాన్ని తేవడమని కూడా, గాడిద గుడ్డు పెట్టదు గనుక.

‘కాశీఖండం అయఃపిండం.’ శ్రీనాథుడి కావ్యం ఇనుప గుండు, కొరుకుడు పడదని. ‘కఠినమైన పుస్తకం’ అనే అర్థంలో పండితుల నోట వింటాం. మామూలు జనం వాడరు, మీ యాత్రికులకు ఒక్క ముక్కలో చెబితే చాలు.

‘కాశీయాత్ర’కు రెండు అర్థాలున్నాయి. శుభలేఖలో కాశీయాత్ర అని ఉంటే అది రైలు ప్రయాణం కాదు! స్నాతకం అయ్యాక వరుడు గొడుగు, చేతికర్ర, పాంకోళ్ళతో బయల్దేరడం. చదువు ముగిసిన బ్రహ్మచారికి కర్ర, గొడుగు, పాదరక్షలు ఇవ్వడం గృహ్యసూత్రాల్లో సమావర్తనంలో ఉన్నదే. సన్యాసం వైపు పోతున్నవాణ్ణి వధువు అన్నో తమ్ముడో అడ్డుపడి, ‘మా పిల్లనిస్తాం, వెనక్కి రండి బావగారూ’ అని బతిమాలి, బట్టలు పెట్టి తీసుకొస్తాడు. అన్నదమ్ములు లేకపోతే పెదనాన్న, పిన్ని కొడుకులు ఎవరైనా ఆ పని చేయవచ్చు. ఎటొచ్చీ ఎవరు ఆపాలో ముందే అనుకోవాలి. లేకపోతే పెళ్ళికొడుకు వీధి చివరిదాకా పోయి పాంకోళ్ళతో నిలబడి ఉండాలి.

కాశీకి వెళ్తే ఇష్టమైనది వదిలేయాలన్నదీ వేసుకోండి. ఒక కాయ, ఒక పండు వదిలేస్తారు. అసలు వదలాల్సింది కాయాపేక్ష, ఫలాపేక్ష అని పెద్దలు చమత్కరిస్తారు. కాయం అంటే ఒళ్ళు, ఫలం అంటే చేసినదాని ప్రతిఫలం. కాకరకాయ వదిలేసి వచ్చినవాళ్ళను ఏడిపించడానికి ఇంతకంటే మంచి మాట లేదు. వాళ్ళకు కాకరకాయ ముందునుంచీ పడదు.

---

గుంటమగ్గం

నానుడి గారి జాబితాకు ఒక చేర్పు. కాశీ చీర అని ఏ కొట్లోనూ అడగరు, బనారస్ యాత్ర అని ఏ ఇంట్లోనూ అనరు. కంచికి మాత్రం యాత్రా కంచికే, చీరా కంచిదే. బజారు దాకా వచ్చేసరికి కాశీ ఎందుకనో బనారస్ అయిపోతుంది.

మీవాళ్ళు ఎలాగూ చీరలు కొంటారు, అరపేజీ ఇవ్వండి. బనారస్ చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ) 2009లో వచ్చింది. వారణాసి ఒక్కటే కాదు, మీర్జాపూర్, చందౌలీ, భదోహీ, జౌన్‌పూర్, ఆజంగఢ్ జిల్లాల్లో నేసినదానికీ బనారస్ పేరు చెల్లుతుంది. కాబట్టి ‘ఇది ఊళ్ళో నేసింది కాదు’ అన్నంత మాత్రాన నకిలీ కాదు.

చీర తిరగేసి చూడాలి. బుటా (చీర మీద నేసిన పువ్వు) వెనక దారాలు శుభ్రంగా బుటా అంచుల్లోనే ఆగిపోయి ఉంటే అది కఢువా, ఒక్కో బుటాకు విడిగా చిన్న కండెతో నేసినది. ఎక్కువ రోజులు పట్టేది, ధర ఎక్కువ ఉండేది అదే. బుటాకు బుటాకు మధ్య దారం కత్తిరించి, చివరలు గరుగ్గా తేలుతుంటే ఫేక్వా, కట్‌వర్క్ అంటారు. అదీ బనారస్ పనే, మోసం కాదు, కఢువా ధర పెట్టకూడదంతే. గాజులకు తగులుకుని ఆ చివరలు లేస్తాయి, అందుకే వెనక నెట్ కుట్టించుకోవాలి. పట్టు అవునో కాదో తేల్చుకోవాలంటే అంచు పోగు ఒకటి కాల్చండి: వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ళమధ్య పొడి అయితే పట్టు. కరిగి గట్టి పూస కడితే కాదు. కొట్టువాడు పోగు ఇవ్వడానికి సణిగితే అదే మీకు జవాబు.

---

పెరటిచెట్టు

ఊరితో సంబంధం ఉన్నవీ లేనివీ కలిపేయకండి. కాశీరత్నం తీగ ఉంది, సన్నటి దారాల్లాంటి ఆకులు, ఎర్రటి నక్షత్రం పువ్వులు. పుస్తకంలో పెడితే అందంగా ఉంటుంది, కానీ అది అమెరికా ఖండపు మొక్క, కాశీలో పుట్టింది కాదు. గింజ పైపొర గట్టి, రాత్రంతా నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తుంది. ఒక్క ఏడు కాయలు రాలనిచ్చారంటే పెరడంతా అదే.

విత్తనాల కొట్లో కాశీ లాలిమ, కాశీ కాంచన్, కాశీ నందిని అని కనబడేవి మాత్రం నిజంగా ఆ ఊరివే. అక్కడి భారతీయ కూరగాయల పరిశోధన సంస్థ తన రకాలకు కాశీ అని ముందు తగిలిస్తుంది. లాలిమ ఎర్ర బెండ, కాంచన్ అలసంద, నందిని బఠాణీ. లాలిమ వండితే ఎరుపు పోతుంది, వేడికి ఆ రంగు నిలవదు. వేపుడు నల్లబడిందని విత్తనాన్ని తిట్టకండి.

కాశీ హల్వా అడిగితే బూడిదగుమ్మడి హల్వా పెడతారు, కన్నడం వాళ్ళ పెళ్ళి భోజనాల్లో తప్పనిసరి. తురిమి, పిండి, ఆ పిండిన నీళ్ళతోనే మెత్తగా ఉడికించాలి. పిండిన తురుము మూడు కప్పులైతే చక్కెర కప్పున్నర, నెయ్యి అర కప్పు. తురుము మెత్తబడకముందే చక్కెర వేస్తే పీచు గట్టిపడి నారలా తేలుతుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా లొంగదు.

---

వెయిటింగ్‌లిస్ట్

ఊళ్ళ పేర్లు కూడా వేస్తారా? టికెట్ సైట్లో తెన్‌కాశి వస్తుంది, అది తమిళనాడు. తెన్ అంటే దక్షిణం. శివకాశి టపాసుల ఊరు, అదీ తమిళనాడే. ఉత్తరకాశి, గుప్తకాశి ఉత్తరాఖండ్ కొండల్లో, రెండింటికీ రైలు లేదు.

---

హ్రస్వదీర్ఘం

మన దగ్గర దక్షిణకాశీలు లెక్కకు మించి ఉన్నాయి: వేములవాడ, శ్రీకాళహస్తి, అలంపురం, పుష్పగిరి. ఎవరిది అసలుదని వాదన పెట్టకండి, అది బిరుదు, చిరునామా కాదు. కాశీబుగ్గ పలాస పక్కన ఒకటి, వరంగల్‌లో ఒకటి, హైదరాబాదు కిషన్‌బాగ్‌లో గుడి ఒకటి. బుగ్గ అంటే ఊట. కాజీపేటకు కాశీతో చుట్టరికం లేదు, అది ఖాజీ. కాశ్యప గోత్రానికీ లేదు, అది కశ్యపుడు. ‘కాసి’ అని స తో కొడితే చెట్టు కాసిందనే అర్థం వస్తుంది, అచ్చుకు పంపే ముందు శ, స ఒకసారి వెతికించండి.

---

యాత్రాపుస్తకం

అందరికీ దండాలు. ఇలా తేల్చాం: యాత్ర, పూజ, సామెతలు ఉన్న పేజీల్లో కాశీ, చిరునామాలు, ఆసుపత్రులు, పోలీసు నంబర్ల దగ్గర వారణాసి, చీరల అరపేజీలో బనారస్, రైలు పేజీలో టికెట్ మీద ఉన్నది ఉన్నట్టు కోడ్‌తో. సంకల్పం శ్లోకంలాగే వదిలేస్తాం. ఒక్క సందేహం మిగిలింది. అట్ట మీద ఏం వేయాలి?

---

నానుడి

అట్ట మీద ‘కాశీయాత్ర’ ఒక్కటే వేస్తే పెళ్ళి పుస్తకం అనుకుంటారు. ‘కాశీ–ప్రయాగ యాత్ర’ అని వేయండి.

---

త్రికంటకం

గయ కూడా వెళ్తుంటే అదీ చేర్చండి. వెళ్ళకపోతే వద్దు, పిండాల గురించి అడిగేవాళ్ళు బస్సులో గోల చేస్తారు.